జరిమానాలు పెరిగాయి, కిస్తీలు పెరగలేదు

ఖమ్మం: కోర్టు విధించిన జరిమానాను ఒక్కసారిగా కట్టలేనివారు రెండు మూడు విడతలుగా కట్టుకునే వీలు చట్టంలో ఉంది. వాయిదా అనగానే మనవాళ్లకు కేసు వాయిదాయే గుర్తుకు వస్తుంది కనుక ఇక్కడ కిస్తీ అనే మాట వాడుతున్నాం. ఈ వీలు ఉన్నట్టు తెలియక, తీర్పు విన్న రోజునే వడ్డీ వ్యాపారి గడప తొక్కేవారు ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్ల కమ్మలు తాకట్టుకు పంపేవారు ఉన్నారు. ఆ పాటి బంగారం కూడా లేనివాడికి మిగిలేది జైలే. పోనీ, తెలిసి అడిగినవారికైనా ఈ వీలు పూర్తిగా అక్కరకు వస్తున్నదా అంటే అదీ లేదు. జరిమానాల మొత్తాలు ఏటికేడు పెరుగుతూ వచ్చాయి. కిస్తీల సంఖ్య, గడువు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాయి.

చట్టంలో ఉన్నది ఏమిటి?

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 424వ సెక్షన్‌గా ఉన్న ఈ నిబంధన, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 464వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అంకె మారింది కాని సారాంశం మారలేదు.

దాని ప్రకారం ఒక వ్యక్తికి కోర్టు జరిమానా మాత్రమే విధించి, కట్టకపోతే ఇన్ని రోజులు జైలు అని చెప్పినప్పుడు, అతను ఆ డబ్బు అప్పటికప్పుడు చెల్లించలేకపోతే కోర్టుకు రెండు మార్గాలున్నాయి. మొత్తం సొమ్ము కట్టడానికి 30 రోజులకు మించని గడువు ఇవ్వవచ్చు. లేదా రెండు, మూడు కిస్తీలుగా కట్టమనవచ్చు. మొదటి కిస్తీ 30 రోజుల లోపల కట్టాలి. ఆ తర్వాత కిస్తీకి, కిస్తీకి మధ్య 30 రోజులకు మించి ఎడం ఉండరాదు. అంటే ఎంత సాగదీసినా 90 రోజులతో సరి.

ఈలోగా జైలు శిక్ష అమలును నిలిపివేసి, కిస్తీ తేదీలకు కోర్టులో హాజరవుతానని బాండు రాయించుకుని అతన్ని వదిలిపెట్టవచ్చు. బాండుకు జామీనుదారులు కావాలా, అక్కరలేదా అన్నది కోర్టు ఇష్టం. ఒక కిస్తీ తప్పినా, జైలు శిక్షను వెంటనే అమలు చేయమని కోర్టు ఆదేశించవచ్చు.

ఇందులో ప్రతిచోటా ఉన్న మాట ‘వచ్చు’ అన్నదే. కిస్తీలు ఇచ్చి తీరాలని చట్టం అనలేదు. కిస్తీలు కావాలా అని ముద్దాయిని అడగాలని కూడా అనలేదు. అడిగినవాడికి దొరకవచ్చు. నోరు లేనివాడికి మాత్రం ఆ సెక్షన్ ఉన్నా లేనట్టే.

రెండు వేల నుంచి పదివేలకు

1974 ఏప్రిల్ 1న పాత కోడ్ అమలులోకి వచ్చిననాడు మొదటి తరగతి మేజిస్ట్రేటు విధించగల జరిమానా 5 వేల రూపాయలకు మించరాదు. 2005 నాటి సవరణ చట్టంతో అది 10 వేలయింది. ఇప్పటి సంహితలో 50 వేలు. రెండవ తరగతి మేజిస్ట్రేటు అధికారం వెయ్యి రూపాయల నుంచి 5 వేలకు, అక్కడి నుంచి 10 వేలకు పెరిగింది.

రూపాయి విలువ పడిపోయింది కనుక జరిమానా పరిమితి పెరగడంలో వింత లేదనవచ్చు. నిజమే. అయితే సామాన్యుడికి తగిలే దెబ్బ ఈ గరిష్ఠ పరిమితి దగ్గర తగలదు. అతనిపై ఎక్కువగా పడే చిన్న కేసుల దగ్గర తగులుతుంది. మద్యం తాగి వాహనం నడిపిన కేసునే చూద్దాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 2019 ఆగస్టు వరకు 2 వేల రూపాయలకు మించరాదు. మేజిస్ట్రేటు మనిషిని చూసి అంతకన్నా తక్కువ కూడా వేయవచ్చు. 2019 సెప్టెంబరు 1 నుంచి అది 10 వేల రూపాయలు. రెండోసారి పట్టుబడితే 15 వేలు. ‘మించరాదు’ అన్న మాట పోయి, మొత్తమే నిర్దిష్టంగా చట్టంలోకి ఎక్కింది.

కూలి రేటు పక్కన పెట్టి చూస్తే ఈ మార్పు ఎంతటిదో తెలుస్తుంది. 2019-20లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి దినవేతనం 211 రూపాయలు. ఆ లెక్కన ఆగస్టులో పట్టుబడిన కూలీకి గరిష్ఠ జరిమానా తొమ్మిదిన్నర రోజుల కూలి. సెప్టెంబరులో పట్టుబడినవాడికి 47 రోజుల కూలి. 2025-26లో ఈ దినవేతనం 307 రూపాయలు. ఈ రేటు మీద కూడా పదివేలంటే దాదాపు 33 రోజుల పని.

తాగి బండి నడపడం చిన్న తప్పని ఎవరూ అనరు. రోడ్డు మీద పోయే ప్రాణాల లెక్క చూస్తే కఠిన శిక్ష ఉండవలసిందే. ప్రశ్న జరిమానా ఎంత అన్నది కాదు. రెండు వేలకు సరిపోయిన మూడు కిస్తీల వెసులుబాటు పదివేలకు సరిపోతుందా అన్నదే ప్రశ్న. పదివేలను మూడుగా విడదీస్తే కిస్తీ 3,333 రూపాయలకు పైమాటే. నెలలో ఇరవై రోజులు పని దొరికిన కూలీ 307 రూపాయల లెక్కన సంపాదించేది 6,140 రూపాయలు. అందులో సగానికి పైగా జరిమానాకు పోతే, మిగిలినదానితో ఇల్లు గడవాలి.

పంట ఒకప్పుడు, కిస్తీ ఒకప్పుడు

నెలజీతం వచ్చేవారికి 30 రోజుల ఎడం బాగానే ఉంటుంది. మన జిల్లాలో పల్లెజనం చేతికి డబ్బు నెలనెలా రాదు. పత్తి తీతలు మొదలైన తర్వాత, ఆ పైన మిర్చి కోతల కాలంలో కూలీలకు చేతినిండా పని. ఎండలు ముదిరేసరికి పొలం పనులు సన్నగిల్లుతాయి. కౌలుదారు సంగతి మరీ కష్టం. పంట మార్కెట్టుకు చేరి కాటా అయ్యేదాకా అతను అప్పు మీద బతికేవాడే.

ఏప్రిల్ మొదట్లో జరిమానా పడినవాడికి మూడు కిస్తీలు ఇచ్చారనుకుందాం. జూలై మొదటికల్లా అవన్నీ తీరిపోవాలి. సరిగ్గా ఆ మూడు నెలలే పనులు లేని రోజులు, విత్తనాలకూ ఎరువులకూ డబ్బు వెతుక్కునే రోజులు. అదే మనిషి జనవరిలో అయితే మిర్చి కూలితో కట్టగలడు. పట్టుబడిన నెలను బట్టి ఒకడు బయటపడటం, ఒకడు జైలుకు పోవడం న్యాయమనిపించుకోదు. శిస్తు వసూలుకు కిస్తీలు పెట్టినవారు పంట కాలాన్ని చూసి పెట్టారు. జరిమానా కిస్తీకి ఆ చూపు లేదు.

ఇక అప్పు చేసి కట్టేవాడి లెక్క వేరు. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకు 500. ఏడాది తిరిగేసరికి వడ్డీయే 6 వేలు. కోర్టు వేసిన జరిమానా 10 వేలయితే, ఆ పేదవాడు కట్టేది 16 వేలు. ఆ పైకం ప్రభుత్వ ఖజానాకు చేరదు. వడ్డీ వ్యాపారికి చేరుతుంది.

కట్టకపోతే ఎంత జైలు?

జైలు కూడా పడగల నేరంలో జరిమానా కట్టకపోతే, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ జైలు శిక్షలో నాలుగో వంతుకు మించి జైలు వేయరాదు. తాగి నడిపిన కేసులో మొదటి తప్పుకు గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. కనుక జరిమానా కట్టనందుకు పడే జైలు నెలన్నరకు మించదు.

జరిమానా తప్ప వేరే శిక్ష లేని నేరాలకు ఇంకొక కొలత ఉంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 50 రూపాయల వరకు జరిమానాకు రెండు నెలలు, 100 రూపాయల వరకు నాలుగు నెలలు, ఆపైన ఎంతైనా ఆరు నెలలు మించకుండా సాధారణ జైలు అని రాశారు. ఈ 50, 100 రూపాయల కొలత 2024 జూన్ దాకా చెక్కుచెదరలేదు. కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్‌లో దీన్ని 5 వేలకు రెండు నెలలు, 10 వేలకు నాలుగు నెలలు అని మార్చారు. ఇది మేలే. అయితే పదివేలు దాటిన జరిమానాకు ఆరు నెలల పరిమితిని ఏడాదికి పెంచారు. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టయింది. కొలతలు తిరగరాయడానికి వచ్చిన ఆ అవకాశంలో కిస్తీల నిబంధనను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇదే 8వ సెక్షన్‌లో పేదవాడికి ఆసరా అయ్యే మాట ఒకటి ఉంది. జరిమానాలో కొంత భాగం కట్టినా, ఆ మేరకు జైలు తగ్గుతుంది. 9 వేల జరిమానాకు, కట్టకపోతే 30 రోజులు జైలు అన్నారనుకుందాం. రెండు కిస్తీలుగా 6 వేలు కట్టి మూడోది కట్టలేకపోయినవాడు 10 రోజులు ఉంటే చాలు. కట్టినదంతా వృథా అవుతుందని భయపడి కిస్తీలు మానుకునేవారు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

బాకీదారుకు లేని జైలు

బ్యాంకు బాకీ తీర్చలేని వ్యక్తిని సివిల్ జైలులో పెట్టడంపై 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ప్రసిద్ధమైన తీర్పు చెప్పారు. తీర్చే తాహతు ఉండి దురుద్దేశంతో ఎగగొడుతున్నవాడికీ, లేక తీర్చలేనివాడికీ తేడా ఉన్నదనీ, కేవలం లేమి కారణంగా మనిషిని జైలుకు పంపరాదనీ ఆ తీర్పు సారాంశం. లక్షల బాకీ ఉన్నవాడి తాహతును విచారించాకే జైలు మాట ఎత్తాలి. పదివేల జరిమానా ఉన్న కూలీ విషయంలో అటువంటి విచారణ తప్పనిసరి అని మన క్రిమినల్ చట్టంలో స్పష్టంగా రాసి లేదు.

అయితే తాహతు చూడాలన్న సూత్రం మన న్యాయస్థానాలకు కొత్తదేమీ కాదు. జరిమానా వేసేటప్పుడు నేరం తీవ్రతతో పాటు నేరస్థుని ఆర్థిక స్థితినీ గమనించాలని సుప్రీంకోర్టు 1951లోనే చెప్పింది. 1977లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక హత్య కేసులో, యావజ్జీవ శిక్షతో పాటు వేసిన 20 వేల జరిమానాను 3 వేలకు తగ్గించింది. 2007లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన మత్తుమందుల కేసులో, లక్ష రూపాయల జరిమానా కట్టనందుకు వేసిన మూడేళ్ల జైలును ఆరు నెలలకు కుదించింది. ఇవన్నీ పెద్ద కోర్టుదాకా వెళ్లగలిగిన కేసులు. మధిరలోనో, సత్తుపల్లిలోనో జరిమానా పడిన కూలీ ఢిల్లీ దాకా వెళ్లలేడు. అతనికి న్యాయం జరగాలంటే ఆ కోర్టు హాలులోనే, ఆ పూటే జరగాలి.

ఇంగ్లండులో 1980 నాటి మేజిస్ట్రేటు కోర్టుల చట్టం జరిమానాకు గడువైనా, కిస్తీలైనా ఇవ్వవచ్చునన్నది. ఇన్నే కిస్తీలు అన్న కట్టడి అందులో లేదు. ఫిన్లండులో 1921 నుంచి జరిమానాను రోజుల్లో లెక్కకట్టి, ఒక రోజు విలువను మనిషి ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తున్నారు. అంత దూరం వెళ్లకపోయినా, మూడు కిస్తీల గీతను దాటడం మనకు అసాధ్యమేమీ కాదు.

జైలుకు వెళ్లాక అందే సాయం

జరిమానా కట్టలేక జైళ్లలో ఉండిపోయిన పేద ఖైదీలకు సాయం చేస్తామని 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అదే ఏడాది మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి. వాటి ప్రకారం శిక్షపడిన ఖైదీకి 25 వేల రూపాయల వరకు జరిమానాను జిల్లా స్థాయి కమిటీ మంజూరు చేయవచ్చు. కలెక్టరు, ఎస్పీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంటు, ఆ జైలు బాధ్యత చూసే న్యాయాధికారి ఈ కమిటీలో ఉంటారు. జరిమానా కట్టలేక ఖైదీ విడుదల కాలేదని తెలిస్తే జైలు సూపరింటెండెంటు ఏడు రోజుల్లో న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. ఆ సంస్థ మరో ఏడు రోజుల్లో అతని ఆర్థిక స్థితి విచారించాలి.

పథకం మంచిదే. కాని అది మనిషి జైలులో పడ్డ తర్వాత కదిలే యంత్రాంగం. రెండు విచారణలు ముగిసేసరికే రెండు వారాలు గడుస్తాయి. నెల రోజుల జైలు పడినవాడికి అప్పటికి సగం శిక్ష అయిపోతుంది. ఈలోగా కూలి పోతుంది, ఇంటివారు జైలు చుట్టూ తిరిగిన బస్సు చార్జీలు పోతాయి, ఊళ్లో పరువు పోతుంది. కిస్తీలు సక్రమంగా ఇచ్చి ఉంటే జైలు ఖర్చూ ఉండదు, కమిటీ సమావేశమూ అక్కరలేదు, జరిమానా సొమ్మూ ఖజానాకు చేరుతుంది.

ట్రాఫిక్ చలానాల విషయంలో ప్రభుత్వం చూపిన ఉదారతను కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2022 మార్చిలో పేరుకుపోయిన చలానాలకు ద్విచక్ర వాహనాలవారు నాలుగో వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో అయిదో వంతుకే సరిపెట్టారు. కట్టకుండా కూర్చున్నవారికి అంత రాయితీ దొరికినప్పుడు, మొత్తం కడతాను, కాస్త వ్యవధి ఇవ్వండి అని కోర్టును వేడుకునేవాడికి మూడు నెలలకు మించి వ్యవధి లేకపోవడం విడ్డూరం.

ఎగవేతదారులకు సందు దొరుకుతుందా?

కిస్తీలు పెంచితే శిక్షకు పదును పోతుందనీ, సగం కట్టి ఊరు విడిచి పోయేవారు ఎక్కువవుతారనీ ఒక వాదన ఉంది. కోర్టు సిబ్బందికి లెక్కల భారం పెరుగుతుందన్న మాటా ఉంది. ఇవి తోసిపుచ్చదగినవి కావు. వలస కూలీ ఒకసారి చెన్నైకో, ముంబైకో వెళితే అతన్ని వెతకడం పోలీసులకు తలకు మించిన పని.

అయితే రాబట్టే సాధనాలు కోర్టు చేతిలో ఇప్పటికే చాలా ఉన్నాయి. బాండు ఉంది. స్థిరచరాస్తుల జప్తుకు, భూమి శిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలుకు వారంటు ఇచ్చే అధికారం ఉంది. జరిమానాను ఆరేళ్ల దాకా వసూలు చేసుకోవచ్చు. ఆరేళ్లు వెంటాడగల చట్టం ఆరు నెలలు ఆగలేదా? కిస్తీ తప్పితే జైలు ఎలాగూ ఉండనే ఉంది. తాహతు ఉండి ఎగగొట్టేవాడి మీద ఈ సాధనాలన్నీ ప్రయోగించవచ్చు. లేనివాడి మీద ప్రయోగిస్తే మిగిలేది జైలు ఖర్చే.

అడిగేవారు గుర్తుంచుకోవలసినవి

శిక్ష చెప్పిన వెంటనే, అక్కడే, కిస్తీలు కావాలని మేజిస్ట్రేటుకు విన్నవించుకోవాలి. రోజు కూలి ఎంత, ఇంట్లో తినేవారు ఎందరు, ఏ తేదీకి ఎంత కట్టగలరు అన్నది స్పష్టంగా చెప్పాలి. రాతపూర్వకంగా ఇస్తే మరీ మంచిది. జామీనుదారులు దొరకని పక్షంలో సొంత బాండు మీదనే వదలమని కోరవచ్చు. చట్టం దానికి అడ్డు చెప్పదు.

కట్టిన ప్రతి కిస్తీకి రసీదు తీసుకుని భద్రపరచుకోవాలి. ఒక కిస్తీ కట్టలేని పరిస్థితి వస్తే మొహం చాటేయకూడదు. ఆ తేదీకి కోర్టులో నిలబడి కారణం చెప్పుకోవాలి. జైలుకు పంపడం ఆ దశలో కూడా కోర్టు విచక్షణే కనుక, ఎదుట నిలబడినవాడి మాటకు విలువ ఉంటుంది.

జరిమానాతో పాటు జైలు శిక్ష కూడా పడినవారికి ఈ సెక్షన్ సూటిగా వర్తించదు. అటువంటివారు అప్పీలు విషయం న్యాయవాదితో వెంటనే మాట్లాడుకోవాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత సహాయం ఉంది. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. ఇతర పేదలు ఆదాయ పరిమితిని బట్టి అర్హులు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలోగాని, 15100 నంబరుకు ఫోనులోగాని అడగవచ్చు.

చేయవలసినది

చట్టం మారేదాకా ఆగకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జరిమానా చెప్పిన ప్రతిసారీ ‘ఒకేసారి కట్టగలవా, కిస్తీలు కావాలా?’ అని ముద్దాయిని అడగడం కోర్టుల్లో ఆనవాయితీ కావాలి. దానికి పట్టేది అర నిమిషం. కిస్తీల సదుపాయం గురించి తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి ప్రతి కోర్టు ఆవరణలో పెట్టించే పని న్యాయ సేవాధికార సంస్థ చేపట్టవచ్చు. బార్ అసోసియేషన్లు చొరవ తీసుకుంటే, చిన్న కేసుల రోజున ఒక జూనియర్ న్యాయవాది ఈ అర్జీలు రాసిపెట్టవచ్చు.

మూడు కిస్తీలు, 30 రోజుల గీతను సడలించడం మాత్రం శాసనకర్తల పని. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోని అంశం కనుక పార్లమెంటు పూనుకోకపోయినా, రాష్ట్ర శాసనసభ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. కిస్తీల సంఖ్యను మేజిస్ట్రేటు విచక్షణకు వదిలి, తాహతు విచారించకుండా జైలుకు పంపరాదని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. మన జిల్లా ప్రజాప్రతినిధులు ఈ విషయాన్ని సభలో లేవనెత్తవలసిన అవసరం ఎంతైనా ఉంది.